ఆగిపోయిన రెండు వందల యాభై మీటర్లు

తవ్వకపు ఓడ, బంగాళాఖాతం
3 నవంబరు 1980

చి. అలివేలుమంగకు అన్న కోదండరాం రాయునది.

క్షేమమా అని అడగను. క్షేమంగా ఉన్నవాళ్ళు ఇలాంటి రిపోర్టు రాయరు.

నిన్న హెలికాప్టరులో టపా సంచీ వచ్చింది. అందులో మీ ప్రయోగశాల కాగితం, దాని కింద నీ సంతకం. "2,400 మీటర్ల నుంచి 2,700 మీటర్ల వరకు రాతిలోని పుప్పొడి రేణువులన్నీ నల్లగా ఉన్నాయి. రాయి మాడిపోయినది. ఈ పొర నుంచి చమురు ఆశించలేము." అరవైమంది మనుషులు మూడు నెలలుగా నడిసముద్రంలో పడుతున్న పాట్లకు నువ్వు ఇచ్చింది మూడు వాక్యాలు.

నీకు తెలియనిది కాదు. తెలియనట్టు నటిస్తున్నావు కనుక చెబుతున్నాను. మా కింద ఉన్న నల్లటి షేల్ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద. కంటికి ఆనని జీవులు కోట్ల ఏళ్ళ కిందట చచ్చి అందులో పడ్డాయి. గాలి అందక కుళ్ళకుండా మిగిలాయి. నదులు తెచ్చిన ఇసుకా మట్టీ పొర మీద పొర పడి ఆ బురద కిలోమీటర్ల లోతుకు దిగింది, భూమి సెగకు ఉడికింది, చమురు పుట్టింది. చమురు నీళ్ళకంటే తేలిక. పుట్టినచోట ఉండదు. ఇసుకరాయి సందుల్లోంచి పైకి పాకుతూ పోతుంది. గట్టి రాయి మూతలా అడ్డం వస్తేనే ఆగుతుంది. లేకపోతే సముద్రంలో కలిసిపోతుంది.

ఇక్కడ ఈ షేల్ అడుగున, 2,950 మీటర్ల దగ్గర, గుమ్మటంలా వంగిన ఇసుకరాయి ఉందని ప్రకంపనల పటం చెబుతోంది. పై పొరల బరువుకు షేల్‌లోంచి పిండిన చమురు కిందికీ దిగి అందులో చేరుతుంది, పైకి పోకుండా షేలే దానికి మూత. ఇంకో రెండు వందల యాభై మీటర్లు తవ్వితే అందులో ఏముందో తేలిపోతుంది. డిసెంబరు 12న మద్రాసులో మీటింగు, అది తేలేదాకా 2,700 దగ్గరే తవ్వకం నిలిపి ఉంచమన్నారు. ఓడ అద్దె గడువు ఆ నెలాఖరుతో సరి. నీ కాగితం చూశాక బావి మూసెయ్యమనక ఏమంటారు?

ఆరేళ్ళ నాటి పగకు ఇంత పెద్ద బావినా బలి ఇచ్చేది? రిపోర్టు వెనక్కి తీసుకో.

కోదండరాం


మైలాపూరు, మద్రాసు
9 నవంబరు 1980

కోదండరాం అన్నకు అలివేలుమంగ నమస్కరించి రాయునది. నమస్కారం అలవాటు కొద్దీ పెట్టాను, ఎక్కువ అర్థం తీసుకోవద్దు.

రాయిని యాసిడ్‌లో కరిగించాను. మిగిలిన పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. నల్లగా కనిపించింది. నల్లగా ఉంది అని రాశాను. నీ కోసం దానికి పసుపు పూయమంటావా?

సముద్రం కింద ఏం జరుగుతుందో నాకు పాఠం చెప్పావు. సంతోషం. ఆ పాఠం నువ్వు మొదట చెప్పింది ఎవరికో గుర్తుందా? కాలేజీ నుంచి వచ్చి, మన అంగడి వెనక శనగల బట్టీ దగ్గర నిలబడి నాయనకు చెప్పావు. సెగ చాలకపోతే పచ్చి, సరిపోతే చమురు, ఇంకా పెరిగితే గ్యాసు, అది కూడా దాటితే బొగ్గు, అచ్చం మన శనగల లాగే అన్నావు. పుప్పొడి కూడా అంతే, పసుపు నుంచి తేనె రంగుకు, అక్కడి నుంచి గోధుమ రంగుకు, చివరికి నలుపుకు తిరుగుతుంది, ఆ రంగు చూసి రాయి ఎంత ఉడికిందో చెప్పేస్తాము అన్నావు. నాయన గరిటె ఆపి, "అట్లయితే దేవుడు సముద్రం కింద గూడా బట్టీ పెట్టినాడా! అంత పెద్ద బట్టీకి కలియబెట్టే వాడెవడురా?" అన్నాడు. మనం ముగ్గురం నవ్వుకున్నాం. అప్పటికి నువ్వు నాకు అన్నవే.

పగ సంగతి నువ్వే ఎత్తావు కనుక చెబుతున్నాను. మూడు వందల పన్నెండు స్లైడ్లు. రెండేళ్ళు. ప్రతి రేణువూ లెక్కపెట్టింది నేను. 1974లో అచ్చయిన పత్రం మీద ఉన్నది నీ పేరొక్కటే. చివరి పేజీలో "ప్రయోగశాల సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క. ఆ పత్రం చూసే నీకు ఓడ ఇచ్చారు. సిబ్బంది ఇంకా ఇక్కడే ఉంది, యాసిడ్ పడి వేళ్ళు పొట్టు లేస్తూ.

2,400 మీటర్ల దాకా రేణువులు చక్కటి పసుపు. ఆ తర్వాతి సంచీ నుంచి ఒక్కసారిగా నలుపు. నమూనాల గురించి నాకు చెప్పవలసింది ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. మళ్ళీ అడగను.

అలివేలుమంగ


తవ్వకపు ఓడ
16 నవంబరు 1980

అలివేలుమంగకు,

చెప్పవలసింది ఏమీ లేదు. దాచడానికి ఇదేమైనా మన వాళ్ళ పెళ్ళి సంబంధమా? పన్నెండు రోజులు ఎండ మొహం చూడలేదు. వానా గాలీ ఒకటే. అయినా నమూనాలు నిబంధనల ప్రకారమే ఆరబెట్టి పంపాము.

నీ నలుపు ఎంత అబద్ధమో ఒక్క అంకెతో చెబుతాను. బావిలోకి దింపిన థర్మామీటరు 2,640 మీటర్ల దగ్గర తొంభై ఎనిమిది డిగ్రీలు చూపించింది. సరిగ్గా చమురు ఉడికే సెగ. అంత సెగలో ఏ రాయీ మాడదు. పసుపు నుంచి నలుపుకు ఒక్క దూకు దూకిందంటావా, అక్కడ భూమి పగిలి పొరలు జరిగి ఉంటాయి. పగులు ఉందేమో అని ఒక వాక్యం చేర్చడానికి నీ కలం అరిగిపోతుందా?

పత్రం గొడవ ఎత్తావు. లెక్కపెట్టిన వాళ్ళందరి పేర్లూ వేస్తే పత్రం పెళ్ళి శుభలేఖ అవుతుంది. చూసిన దానికి అర్థం చెప్పినవాడి పేరు వేస్తారు. అర్థం చెప్పింది నేను.

గోపాలస్వామి గారికి వేరే ఉత్తరం రాశాను. అన్న తవ్వే బావి నమూనాలను చెల్లెలు పరీక్షించడం పద్ధతి కాదని, ఫైలు నీ దగ్గర నుంచి తీసెయ్యమని. ఆయన మన ఇద్దరికీ పెద్ద అధికారి. ఆయన మాట నువ్వు కాదనలేవు కదా.

కోదండరాం


మైలాపూరు
24 నవంబరు 1980

అన్నకు,

నువ్వు రాసిన చాడీ చేరింది. గోపాలస్వామి గారు గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు.

"ఏమ్మా, మీ అన్న ఇట్ల రాసినాడే. నీకేమన్నా పగ ఉండాదా ఆయన మీద?"

"ఉండాది సార్," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసేశారు. "అప్పుడు ఈ నలుపు?"

"పగ నాది సార్. నలుపు రాయిది. ఇంకెవరి చేతనైనా చూపించండి."

ఇంకో ఇద్దరి చేత చూపించారు. వాళ్ళు కూడా నలుపే అన్నారు. ఫైలు తిరిగి నా బల్ల మీదికి వచ్చింది. "మీ ఇంట్లో ఈ తగాదా ఎన్నాళ్ళ నుంచో గానీ, నా బావిని మధ్యలో పెట్టుకోవద్దండమ్మా," అన్నారు ఆయన. ఆ మాటకు మాత్రం తల వంచుకున్నాను.

నీ థర్మామీటరుకు జవాబు నీకూ తెలుసు. ఇవాళ్టి సెగ తొంభై ఎనిమిది. ఆ పొర ఒకప్పుడు ఇంకా లోతున మాడి, తర్వాత పైకి లేచి ఉంటే? మీటింగులో ఎవరైనా అదే అంటారు.

ఇక ఇంకో సంగతి. నమూనాల గురించి ఏమైనా ఉంటే చెప్పమన్నాను. ఆరబెట్టడం గురించి నేను అడగనేలేదు. నువ్వే ఎత్తావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఎండ లేదు అన్నావు, ఆరబెట్టాము అన్నావు. ఎలా ఆరబెట్టావన్నా?

ప్రతి లోతు నుంచీ పిడికెడు రాతి తునకలు కడగకుండా, ఆరబెట్టకుండా తడిగానే డబ్బాలో మూసి ఓడలో ఉంచాలని నియమం. ఆ డబ్బాలు నాకు పంపు. 2,400 నుంచి 2,700 దాకా.

అలివేలుమంగ


తవ్వకపు ఓడ
1 డిసెంబరు 1980

అలివేలుమంగకు,

తడి డబ్బాలు కావాలంటే పై నుంచి రాతపూర్వకంగా అడిగించు. ప్రయోగశాల సిబ్బంది ఉత్తరం రాస్తే పంపడానికి ఇది మన అంగడి కాదు, శేరు ధనియాలు పొట్లం కట్టి ఇవ్వడానికి.

ఎలా ఆరబెట్టావని నన్ను నిలదీస్తావా? పదిహేనేళ్ళు బావుల దగ్గర గడిపినవాణ్ణి. నువ్వు గదిలో కూర్చుని నా సంచులు విప్పుతావు. ఇక్కడ అలలకు గిన్నెలో అన్నం నిలవదు. నిలబడి రాస్తున్నాను ఈ ఉత్తరం.

ఇంకా పదకొండు రోజులుంది. నీ రిపోర్టు అడుగున "ఈ ఫలితంపై సందేహమున్నది" అని ఒక్క ముక్క రాయి. కారణం రాయనక్కరలేదు. ఆ మాట చాలు, వాళ్ళు మళ్ళీ తవ్వమంటారు. ఇంతకంటే నేను దిగిరాలేను. అన్ననై అడుగుతున్నాను.

కోదండరాం


మైలాపూరు
14 డిసెంబరు 1980

అన్నకు,

ఉత్తర్వు రేడియోలో నీకు చేరే ఉంటుంది. అయినా మీటింగులో ఉన్నదాన్ని కనుక చెప్పడం నా విధి. ఆరుగురు కూర్చున్నారు. నా రిపోర్టు చదివారు. చమురు పుట్టించే మూల రాయే మాడిపోయినప్పుడు కింద గుమ్మటం ఉంటే ఏం, గోపురం ఉంటే ఏం అన్నాడు ఒకాయన. గోపాలస్వామి గారు నా వైపు తిరిగి, "ఇంకేమన్నా చెప్పేది ఉండాదామ్మా?" అని అడిగారు. లేదన్నాను.

బావికి సిమెంటు బిగించి మూసెయ్యమన్నారు. ఓడ నెలాఖరుకు వేరే సముద్రానికి పోతుంది.

కారణం రాయకుండా సందేహం రాయమన్నావు. నేను కారణం లేకుండా ఏదీ రాయను. కారణం నీ దగ్గర ఉంది. నువ్వు పంపలేదు.

అలివేలుమంగ


మాధవరం, మద్రాసు
20 జనవరి 1981

అలివేలుమంగకు,

నీకు కావలసింది అయింది. ఓడ పోయింది. నన్ను మాధవరం గోడౌనులో వేశారు, రాతి నమూనాల పెట్టెలకు నంబర్లు రాయడానికి. ఇక్కడికి గాలి మారినప్పుడల్లా మనలి రిఫైనరీ వాసన వస్తుంది. ఎవరి సముద్రంలోదో చమురు.

ఈ ఉత్తరంతో పాటు పదిహేను తడి డబ్బాలు పంపుతున్నాను. ఓడ దిగేటప్పుడు నా పెట్టెలో పెట్టి తెచ్చాను. సముద్రంలో పారేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఈ చేతులకు రాయిని పారేయడం రాదు.

ఎలా ఆరబెట్టావని అడిగావు. అక్టోబరు 11న ఆరబెట్టే యంత్రం చెడిపోయింది, పది రోజులైనా బాగుపడలేదు. అరవై డిగ్రీలు దాటకుండా ఆరబెట్టాలని నియమం. ఎండ లేదు. పొద్దునకల్లా సంచులు హెలికాప్టరు ఎక్కాలి. అక్టోబరు, నవంబరుల ఐప్పసి వానల్లో శనగలు చెమ్మపడితే నాయన ఏం చేసేవాడో నేనూ అదే చేశాను. వంటవాడు తంగరాజ్ దగ్గర పెద్ద ఇనప మూకుడు తీసుకుని, పొయ్యి మీద పెట్టి, రేకు ముక్కలతో లోతుల వారీగా అరలు చేసి, గరిటెతో కలియబెట్టాను. ముందు కాసేపు చక్కగానే ఆరాయి. ఇంతలో ఇంజను గది నుంచి పిలుపు వచ్చి పోయాను. రెండు గంటలు. తంగరాజ్ "అడి పిడిక్కిదు సార్" అని, అడుగంటుతోందని, కేకేస్తూ వచ్చాడట. నాకు వినపడలేదు. వచ్చి చూస్తే మూకుడు ఎర్రగా కాలి ఉంది. పది రోజుల నమూనాలు అందులోనే. నల్లటి రాయి కదా, మాడినా నల్లగానే ఉంటుంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని సంచుల్లో కట్టేశాను. లోపలి పుప్పొడి కూడా మాడుతుందని తెలియనివాణ్ణా నేను? తెలుసు. ఆ పూట తెలియనట్టు ఉండాలనుకున్నాను.

నీ రిపోర్టు చదవగానే అర్థమైంది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బావి పోతుంది. నిన్ను తిడితే రెండూ మిగులుతాయేమో అనుకున్నాను.

నా తప్పు చెప్పాను. ఇప్పుడు నీది. ఎనిమిదేళ్ళప్పుడు నాయన నీ కళ్ళకు గుడ్డ కట్టి బస్తాల ముందు నిలబెట్టేవాడు. ఏది పచ్చి, ఏది సరిగ్గా వేగింది, ఏది మాడింది, వాసన చూసి నువ్వు చెప్పాలి. ఒక్కసారి కూడా తప్పలేదు. "నా తర్వాత ఈ బట్టీ ముక్కు దీనిదేరా," అనేవాడు నాకేసి చూస్తూ. ఆ ముక్కుతో నువ్వు నా సంచులు విప్పావు.

నీకు వాసన రాలేదా అలివేలూ?

కోదండరాం


మైలాపూరు
4 ఫిబ్రవరి 1981

అన్నకు,

వచ్చింది.

మొదటి సంచీ మూతి విప్పగానే వచ్చింది. రాతికి అలాంటి వాసన ఉండదు. అది మన అంగడి వెనక, ఐప్పసి నెలలో, నాయన ఎవరితోనో మాట్లాడుతూ గరిటె ఆపినప్పుడు వచ్చే వాసన. చూడకుండానే తెలిసింది, నువ్వు మూకుడు ఎక్కించావని. నవ్వు వచ్చింది ముందు. ఆ తర్వాత ఆ మూడు వందల పన్నెండు స్లైడ్లు గుర్తొచ్చాయి.

నేను అబద్ధం రాయలేదు. నలుపును నలుపు అన్నాను. "నమూనాలు పొయ్యి మీద మాడిన అనుమానమున్నది" అనే ఒక్క వాక్యం రాయలేదు, అంతే. ఆ వాక్యం నువ్వు రాయాలనుకున్నాను. నీ చేత్తో, నీ పేరు మీద. అందుకే మొదటి ఉత్తరంలో ఒకసారి అడిగాను, రెండో ఉత్తరంలో ఇంకోసారి అడిగాను, న్యాయంగానే ఉన్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. మీటింగులో గోపాలస్వామి గారు ఇంకేమన్నా ఉండాదా అని అడిగినప్పుడు నా నోట్లో ఆ మాట ఉంది. మింగాను. నువ్వు పంపని డబ్బాలకు ఇదిగో శిక్ష అనుకున్నాను. శిక్ష పడింది బావికి.

డబ్బాలు పదిహేనూ చూశాను. మూడు రోజులు పట్టింది. 2,400 దగ్గర పసుపు తేనె రంగుకు తిరుగుతోంది. కిందికి పోయిన కొద్దీ ముదురుతూ, 2,700 దగ్గర లేత గోధుమ రంగు. ఎక్కడా దూకు లేదు, పగులూ లేదు. నా ఉద్యోగంలో ఇంత చక్కగా ఉడికిన రాయి నేను చూడలేదు. నాయన ఉంటే మూకుడు దించెయ్యమనేవాడు.

నీ థర్మామీటరే నిజం. ఆ రాయిలో చమురు పుట్టి ఉండాలి. అది గుమ్మటంలో ఆగిందా, దారి వెతుక్కుని సముద్రంలోకి పోయిందా అన్నది మిగిలిన రెండు వందల యాభై మీటర్లు చెప్పేవి. వాటి మీద ఇప్పుడు సిమెంటు ఉంది. గోపాలస్వామి గారిని ఊరికే అడిగినట్టు అడిగాను, ఆ ఓడ మళ్ళీ ఎప్పుడు వస్తుందని. "ఎవరికమ్మా తెలుసు? మాడిన రాయి అని పేరు పడిపోయినాక ఆ పక్కకు ఎవరు పోతారు?" అన్నారు.

పేరు మార్చాలి. ఇందులో రెండు పేజీల కాగితం పెట్టాను, గోపాలస్వామి గారి పేర. మొదటి పేజీలో డబ్బాల ఫలితం. రెండో పేజీలో మూకుడు సంగతి, నీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు. దాని కిందే వాసన సంగతి, నేను చెప్పకపోవడం, మీటింగులో నన్ను అడగడం, లేదనడం. ఏదీ తగ్గించలేదు. చదివాక మనిద్దరిలో ఎవరి ఉద్యోగం మిగులుతుందో తెలియదు. నాకు భయంగానే ఉంది, అయినా పంపుతాను.

అడుగున రెండు పేర్లు టైపు చేశాను. ముందు నీది, తర్వాత నాది. నాది నువ్వు వెయ్యలేదు, నేనే వేసుకున్నాను. సంతకం పెట్టి తిరుగు టపాలో పంపు. పెట్టకపోతే నా ఒక్కదాని పేరుతో ఇస్తాను. ఒక్కరి పేరుతో ఇవ్వడం ఎలాగో నీ దగ్గర నేర్చుకున్నాను.

అలివేలుమంగ


మాధవరం
9 ఫిబ్రవరి 1981

అలివేలుకు,

సంతకం పెట్టి పంపుతున్నాను. నిన్ను క్షమించాననుకోవద్దు. నువ్వూ నన్ను క్షమించి ఉండవు, తెలుసు. ఈ కాగితం చేరాక మనం ఒకరి మొహం ఒకరు చూసుకోకపోయినా నాకు పరవాలేదు.

రెండో పేజీలో ఒక తప్పు ఉంది. మూకుడు పొయ్యి మీద ఉన్నది "సుమారు రెండు గంటలు" అని రాశావు. రెండు గంటల ఇరవై నిమిషాలు. దిద్దాను.

అడుగున పేర్లు కూడా దిద్దాను. నీ టైపు కొట్టేసి, చేత్తో రాశాను. ముందు నీ పేరు, కింద నాది. ఆరేళ్ళ కిందట రాయవలసిన వరుస అది. గౌరవం వచ్చే కాగితంలో నీ పేరు ఎగ్గొట్టాను, ఉద్యోగం పోయే కాగితంలో ముందు పెట్టాను. నీకు కోపం వస్తుంది. రానీ.

పుప్పొడి లెక్క మాత్రం మళ్ళీ ఒకసారి చూశాను, మొదటి పేజీలో. ఒక్క తప్పూ లేదు.

కోదండరాం